గాదె మన ఇంటనే ఉన్నది

నోటినుంచి వెలువడిన మాట గాలిలో కలిసిపోతే దానిని తిరిగి తేలేమని పూర్వులు నమ్మినారు. రేడియో వచ్చి, దాని వెంట శబ్దాన్ని భద్రపరచే యంత్రాలు వచ్చి ఆ నమ్మకాన్ని కొంత సడలించినవి. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటిలోను చేతిలో ఇమిడే ఫోను ఉన్నది. అందులో మాటే కాదు, మాటలాడిన మనిషి ముఖం కూడా నిలుస్తున్నది. అయితే నిలిచినదంతా మనకు మిగిలినట్టు కాదు. పెట్టె ఉండి తాళంచెవి పోయినప్పుడు లోపలి సొమ్ము ఉన్నట్టా, లేనట్టా? వీడియోల రూపు మార్చే సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ కంప్యూటర్‌లో ఎక్కడ వెదకాలి, ఎట్లా అమర్చుకోవాలి అన్నది నేటి ప్రసంగ విషయం. ఇది ఇంజనీర్ల వ్యవహారమని తలచి శ్రోతలు రేడియో కట్టివేయవద్దని మనవి. మాకు ఈ పాఠం ఒక పల్లెటూరి అవ్వ మాటల మూలంగా వచ్చింది.

గత వేసవిలో కళ్యాణదుర్గం వైపు పల్లెనుంచి ఒక యువకుడు మా కేంద్రానికి వచ్చినాడు. రుమాలు కొసన ముడివేసి తెచ్చిన చిన్న మెమరీ కార్డును బల్లమీద పెట్టినాడు. పన్నెండు పదమూడేండ్ల క్రిందట, పాత బొత్తాల ఫోనుతో, తన అవ్వను పొలం గట్టున కూర్చుండబెట్టి ఆమె చెప్పినదంతా తీసినాడట. ఆమె ఇప్పుడు లేదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ఎర్రనేలలలో, వేరుశనగ ఇంతగా పరచుకోకముందు కొర్ర, జొన్న, కంది ఏ కార్తెలో వేసేవారో, గొర్రుకు జడ్డిగం కట్టి ఆడవారు విత్తనం ఎట్లా వదిలేవారో, వాన ముఖం చాటువేసిన సంవత్సరం విత్తనపు కుండను ఎట్లా కాపాడుకొనేవారో ఆమె చెప్పింది.

“మా అవ్వ గొంతు ఇందులోనే ఉంది సార్. బయటికి రానంటా ఉంది” అన్నాడు ఆ యువకుడు.

తీసినవి రెండు ఫైళ్ళు. కొత్త ఫోనులో అవి ఆడకపోవడంతో మొదటిదాన్ని పట్టణంలో ఒక దుకాణానికి తీసుకొనిపోయినాడు. వారు దానిని మార్చి ఇచ్చినారు. బొమ్మ కనబడింది, మాట వినబడింది. పని అయినదనుకొని, కార్డులో చోటు చాలదని అసలు ఫైలును తుడిచివేసినాడు. ఇంటికిపోయి పూర్తిగా చూస్తే మూడు నిమిషాలకే ఆట ఆగిపోయింది. ఆ మూడు నిమిషాలలోను అవ్వ ముఖానికి అడ్డంగా ఒక వ్యాపార సంస్థ పేరు అచ్చయి ఉన్నది. కొనుగోలుకు ముందు రుచి చూపడానికి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో చేసిన పని అది. డబ్బు కడితేనే మిగతా భాగాన్ని మార్చుతుంది. ఆ సంగతి దుకాణంవారు చెప్పలేదు. అడగాలని ఇతనికి తెలియదు. రెండవ ఫైలు మాత్రం అసలు రూపంలోనే కార్డులో ఉన్నది. దానితో మావద్దకు వచ్చినాడు.

మా గదిలోని పాత కంప్యూటర్ లినక్స్‌తో నడుస్తున్నది. కార్డు పెట్టి ఫైలును తెరువబోతే తెర నల్లగా ఉండిపోయి, దీనిని విప్పడానికి కావలసిన కోడెక్ లేదని ఒక వాక్యం కనబడింది. అప్పుడు మేము కూడా తొందరపడినాము. ఇంటర్నెట్టులో వెదకినాము. ‘ఉచితం’ అని పెద్ద ఆకుపచ్చ బొత్తాము ఉన్న పేజీ ఒకటి ఎదురయింది, నొక్కినాము. దిగివచ్చినది విండోస్ యంత్రాలకు చేసిన సరుకు. లినక్స్‌లో అది కదలలేదు, మెదలలేదు. ఒకవేళ కదిలి ఉంటే ఏమి చేసేదో మాకు తెలియదు. సాంకేతిక విభాగంలోని ఒక యువ ఇంజనీరు అది చూచి నవ్వి, “సార్, తమరు సంతలో వెదుకుతున్నారు. గాదె మన ఇంట్లోనే ఉంది” అన్నాడు. ఆ ఒక్క మాటను విప్పి చెప్పడమే ఈ ప్రసంగం.

మొదట ఫైలు ఎందుకు తెరుచుకోలేదో తెలియాలి. వేరుశనగ పండించే జిల్లాకు ఈ విషయం వివరించడం కష్టం కాదు. మార్కెట్టుకు పోయే గోనెసంచి ఒకటి, అందులోని సరుకు మరొకటి. సంచిమీద రాసిన పేరునుబట్టి లోపల ఉన్నవి కాయలా, ఒలిచిన పప్పా అన్నది నిశ్చయంగా చెప్పలేము. వీడియో ఫైలు కూడా అంతే. ఎంపీఫోర్, ఏవీఐ, ఎంకేవీ, త్రీజీపీ అనేవి సంచుల పేర్లు. లోపల బొమ్మ ఒక పద్ధతిలోను, శబ్దం మరొక పద్ధతిలోను కుదించి పెట్టి ఉంటాయి. అట్లా కుదించి మళ్ళీ విప్పే విధానాన్నే కోడెక్ అంటారు. ఒకే పేరుగల రెండు సంచులలో వేరువేరు సరుకులు ఉండవచ్చు. అందుకే ఒక ఎంపీఫోర్ ఆడి, మరొక ఎంపీఫోర్ ఆడకపోవడం జరుగుతుంది.

అసలు కుదించడమెందుకు అని శ్రోతలు అడగవచ్చు. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తుగల చిన్న బొమ్మను తీసుకొందాము. మొత్తం 3,07,200 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్లు. క్షణానికి, అనగా సెకనుకు 25 బొమ్మలు. లెక్కకట్టితే సెకనుకు సుమారు 2 కోట్ల 30 లక్షల బైట్లు. ఒక నిమిషానికి 138 కోట్లు. పది నిమిషాల ముచ్చటకు ఆనాటి కార్డులు ఆరేడు కావలసివచ్చేవి. కనుక ఒక బొమ్మకు, దాని తరువాతి బొమ్మకు మారిన భాగాన్ని మాత్రం రాసుకొని, కన్ను పట్టించుకోని వివరాలను వదలివేసి ఫోను కుదిస్తుంది. అవ్వ ఫైలు త్రీజీపీ సంచి. అందులో బొమ్మ 176 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు. కుదించిన పద్ధతి హెచ్ 263. శబ్దం ఏఎంఆర్ అనే పద్ధతిలో ఉన్నది. అది టెలిఫోను సంభాషణ కోసం ఏర్పడినది. ఆనాటి ఫోన్లకు అవి మాతృభాష. నేటి ఫోన్లలో కొన్ని ఆ భాష మరచిపోయినవి.

ఇక లినక్స్ సంగతి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమూ, 1991లో ఫిన్లండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెలూ కలిసి ఈ వ్యవస్థ ఏర్పడినది. దీని మూలపాఠాన్ని ఎవరైనా చదువవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మన దేశంలో సీడాక్ సంస్థ దీని ఆధారంగానే భారతీయ భాషలతో ‘బాస్’ అనే రూపాన్ని తయారుచేసినది. తెలుగులో ఈ వ్యవస్థను నిలబెట్టడానికి హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థవారు శ్రమించినారు. పాతబడి మూలపడిన కంప్యూటర్లను కూడా ఇది నడిపించగలదు. కొత్తది కొనలేని బడికి, ఇంటికి అది చిన్న మేలు కాదు.

అయితే ఇంత ఉదారమైన వ్యవస్థలో కోడెక్ లేదనే మాట ఎందుకు వచ్చింది? వీడియో కుదించే పద్ధతులలో అనేకం పేటెంట్లకు లోబడి ఉంటూ వచ్చినవి. ఉదాహరణకు, 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్ 264ను వాడుకొనేందుకు కొన్ని దేశాలలో రుసుము చెల్లించవలసి ఉన్నది. ఉచితంగా పంచే లినక్స్ నిర్వాహకులు ఆ రుసుము ఎక్కడినుంచి తేగలరు? అందుచేత కొందరు అటువంటి భాగాలను మొదటి అమరికలో చేర్చక, కావలసినవారు తరువాత తెచ్చుకొనేటట్టు ప్రక్కన పెట్టినారు. ఉబుంటులో అమర్చేటప్పుడే ‘ఇతర మీడియా రూపాలు’ కావాలా అని అడిగే చిన్న గడి ఒకటి ఉంటుంది. తొందరలో చాలామంది దానిని దాటిపోతారు. మేమూ దాటిపోయినవారమే.

ఆ ప్రక్కన పెట్టిన సరుకు ఉండే చోటే గాదె. సాంకేతిక భాషలో దానిని రిపాజిటరీ అంటారు. లినక్స్‌ను తయారుచేసినవారే వేలకొలది సాఫ్ట్‌వేర్లను పరిశీలించి, ఒకదానికొకటి పొందిక కుదిర్చి, తమ ముద్రవేసి ఒకచోట నిలువచేస్తారు. 2023లో వెలువడిన డెబియన్ 12 గాదెలో 64 వేలకు పైబడి మూటలు ఉన్నవి. మన కంప్యూటర్ ఒక మూటను కోరినప్పుడు మొదట ముద్రను సరిచూచుకొంటుంది. దారిలో ఎవరైనా మూట విప్పి మరొకటి కలిపి ఉంటే ముద్ర కుదరదు. యంత్రం ఆ మూటను నిరాకరిస్తుంది. సంతలో కొన్న విత్తనానికి, ముద్రవేసిన సంచిలో వచ్చిన విత్తనానికి భేదం మన రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. నకిలీ విత్తనం మొలవకపోయినప్పుడు పోయేది విత్తనపు ధర మాత్రమే కాదు, ఆ ఏటి అదను.

ఇది ఉత్త భయం కాదని చూపడానికి ఒక ఉదాహరణ. హ్యాండ్‌బ్రేక్ అనేది వీడియోల రూపు మార్చే పేరుపొందిన ఉచిత సాఫ్ట్‌వేర్. 2017 మే నెలలో నాలుగైదు రోజులపాటు, దానిని పంచే సర్వర్లలో ఒకదానిలోకి దుండగులు చొరబడి, మాక్ యంత్రాల కోసం ఉంచిన ప్రతిని తీసి, దొంగ సాఫ్ట్‌వేర్ కలిపిన ప్రతిని పెట్టినారు. అసలైన చిరునామాకు పోయినవారిలో కొందరు కూడా మోసపోయినారు. ఇక ఊరూ పేరూ లేని పేజీలమాట చెప్పనేల? గాదెకు కూడా ప్రమాదం లేదని మేము అనము. 2024 మార్చి నెలాఖరున ఎక్స్‌జెడ్ అనే చిన్న భాగంలో ఎవరో ఓపికగా దూర్చిన దొంగవాకిలి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లోనికి ప్రవేశించే పని అరసెకను ఆలస్యమవుతున్నదేమని అనుమానించి కూపీ లాగగా అది దొరికింది. మూలపాఠం అందరికీ తెరచి ఉన్నది కనుకనే ఆయన దానిని చివరివరకు వెదకిపట్టగలిగినాడు. గాదెలోనూ ఎలుక దూరవచ్చు. కాని గాదె తలుపు తెరచి ఉంటే చూచే కన్నులు ఉంటాయి.

ఇప్పుడు అమర్చుకొనే విధానం. మాకు కావలసినది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే పనిముట్టు. ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో దీనిని ప్రారంభించినాడు. ఇది తెరమీద అందమైన బొత్తాములతో కనబడదు, వెనుకనుండి పనిచేస్తుంది. బొత్తాములతో కనబడే అనేక వీడియో సాఫ్ట్‌వేర్ల లోపల తిరిగే గానుగ ఇదే. ఉబుంటు, డెబియన్ వాడేవారు టెర్మినల్ అనే కిటికీ తెరచి నాలుగు మాటలు టైపు చేయాలి: సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, ఎఫ్ఎఫ్ఎంపెగ్. అన్నీ చిన్న అక్షరాలు. మాటకు మాటకు మధ్య కొంచెం ఎడం. సుడో అంటే యజమాని అధికారంతో చేయుమని. ఆప్ట్ అంటే గాదె కాపరి. ఇన్‌స్టాల్ అంటే అమర్చుమని. చివరిది వస్తువు పేరు. యంత్రం మీ సంకేతపదం అడుగుతుంది. టైపు చేసేటప్పుడు అక్షరాలు తెరమీద కనబడవు. యంత్రం చెడిందని కంగారుపడకూడదు. తరువాత సమ్మతి అడుగుతుంది. వై అనే ఇంగ్లీషు అక్షరం నొక్కి ఎంటర్ కొడితే కొద్ది నిమిషాలలో పని ముగుస్తుంది. మూట కనబడలేదని చెబితే, మొదట సుడో ఆప్ట్ అప్‌డేట్ అని గాదె జాబితాను తాజా చేసుకోవాలి. ఫెడోరా వాడేవారికి కాపరి పేరు డీఎన్ఎఫ్. అక్కడ పేటెంట్ల కారణంగా కొన్ని కోడెక్‌లు ఉండవు. పూర్తి ప్రతిని ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే వేరు గాదెనుంచి తెచ్చుకోవాలి. అక్షరాల కిటికీ అంటే బెదురు ఉన్నవారు సాఫ్ట్‌వేర్ కేంద్రం అనే బొమ్మను నొక్కి హ్యాండ్‌బ్రేక్ అని వెదకి అమర్చుకోవచ్చు.

అమర్చిన తరువాత ముందుగా సంచి విప్పి చూడాలి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అని టైపు చేసి ఫైలు పేరు ఇస్తే, లోపల ఏ కోడెక్‌లు ఉన్నవో, నిడివి ఎంతో చెబుతుంది. దానినిబట్టి రెండు మార్గాలు. లోపలి సరుకు మీ ఫోనుకు సరిపడేదే అయి సంచి మాత్రమే పడకపోతే, సరుకును ముట్టకుండా సంచి మార్చవచ్చు. ఆజ్ఞలో అడ్డుగీత, సి, కొంచెం ఎడం, కాపీ అని చేర్చితే చాలు. క్షణాలలో అవుతుంది, నాణ్యం రవ్వంత కూడా తగ్గదు. సరుకే పడనిదైతే గానుగ ఆడించవలసిందే. అనగా బొమ్మను, శబ్దాన్ని విప్పి కొత్త పద్ధతిలో మళ్ళీ కుదించాలి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలసి ఉన్నది. నూనె ఆడించినాక నూనెనూ చెక్కనూ కలిపి తిరిగి పప్పు చేయలేము. కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయినది రాదు. సంచి మార్చితే చాలిన చోట గానుగ ఆడించడం మన చేత మనమే నష్టపోవడం.

అవ్వ ఫైలుకు సంచి మార్పు చాలలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్, అడ్డుగీతతో ఐ, పాత ఫైలు పేరు, కొత్త ఫైలు పేరు: ఇంతే మేము ఇచ్చిన ఆజ్ఞ. కొత్త పేరు చివర ఎంపీఫోర్ అని పెట్టగానే బొమ్మకు హెచ్ 264, శబ్దానికి ఏఏసీ తనంతట తానే ఎంచుకొన్నది. నాణ్యాన్ని నిర్ణయించే సీఆర్ఎఫ్ అనే అంకె మామూలుగా 23 ఉంటుంది. తగ్గించినకొద్దీ బొమ్మ మెరుగు, ఫైలు బరువు. మేము 18 పెట్టినాము. తొమ్మిది నిమిషాల ముచ్చట ఒక్క నిమిషం లోపల మారింది. దుకాణపు పేరు లేదు, మూడు నిమిషాల హద్దు లేదు, రుసుము లేదు.

బొమ్మ చిన్నదిగానే ఉన్నది. 176 చుక్కలను ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా పెంచలేదు. శబ్దం టెలిఫోనులో వినబడినట్టు సన్నగా ఉన్నది. సెకనుకు 8,000 కొలతలతో పట్టిన ధ్వని అంతకంటె నిండుగా వినబడదు. అయినా మాట స్పష్టం. కొర్ర విత్తనాన్ని ఎండబోసి, బూడిద కలిపి, వేపాకు పరచి, కుండ మూతిని మట్టితో మెత్తడం ఆమె చేతులతో చూపుతూ చెప్పింది. ఎంత ఆకలైనా ఆ కుండవైపు చూడవద్దని పిల్లలకు చెప్పేవారట. ఆ యువకుడు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి చాలాసేపు మాటలాడలేదు.

తరువాత దుకాణంవారు మార్చిన ఆ మూడు నిమిషాలను కూడా విన్నాము. మృగశిర వెళ్ళి ఆరుద్ర రాగానే అని ఆమె మొదలుపెట్టింది. అక్కడ తెగిపోయింది. ఆరుద్రలో ఏమి వేసేవారో, వాన రాకపోతే ఏ కార్తెదాకా ఆగేవారో ఆమె చెప్పినదట. యువకునికి పూర్తిగా జ్ఞాపకం లేదు. కార్డును వెదికించినాము. తుడిచినచోట కొత్త ఫోటోలు రాసి ఉన్నవి. విత్తనాన్ని దాచే విధం మిగిలింది. విత్తే వేళ పోయింది.

కనుక శ్రోతలకు మా మనవి మూడు మాటలు. ఒకటి, సాఫ్ట్‌వేర్ కావలసివచ్చినప్పుడు ముందు మీ యంత్రపు గాదెలో వెదకండి. రెండు, మార్చిన ఫైలును మొదటినుంచి చివరిదాకా చూడనిదే పని అయినదనుకోకండి. మూడు, చూచిన తరువాత కూడా అసలు ఫైలును తుడిచివేయకండి. వేరుశనగ రైతు విత్తనపు కాయలను ఒలవక, పొట్టుతోనే నిలువచేసి, విత్తే ముందు మాత్రమే ఒలుస్తాడు. అసలు ఫైలు అటువంటి విత్తనపు కాయ. మార్చిన ప్రతి వాడకానికి. అసలు ప్రతి రేపటికి. రేపు ఇంతకంటె మంచి గానుగ వస్తే ఆడించుకోవడానికి అదే కావాలి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా వీడియోగా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఈ సీమలో ఎన్ని ఇండ్ల అల్మారాలలో, ఎన్ని పాత ఫోన్లలో ఇటువంటి మాటలు మూగవై పడి ఉన్నవో! నేడు సెలవురోజైతే, ఒక పాత ఫోను తీసి ఛార్జింగు పెట్టి, అందులో ఉన్నదానిని ముందు రెండుచోట్ల నకలు చేసుకోండి. మార్చడం రేపైనా చేయవచ్చు.